కార్ల్ షిప్ మార్వెల్

కార్ల్ షిప్ మార్వెల్ (సెప్టెంబరు 11, 1894 - జనవరి 4, 1988) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ కర్బన రసాయన శాస్త్రవేత్త. కృత్రిమ పాలిమర్ల రసాయనాన్ని విశ్వవిద్యాలయ విద్యలో ఒక గౌరవప్రదమైన శాఖగా నిలబెట్టిన తొలితరం ఆచార్యులలో ఈయన ముఖ్యుడు. మంటలో కరగని, గాలిలో నిప్పంటుకొని మండని పాలిబెంజిమిడజోల్ (పీబీఐ) అనే పాలిమరును హెర్వార్డ్ వోగెల్‌తో కలిసి 1961లో లోకానికి వెల్లడించాడు. తరువాతి కాలంలో ఈ పదార్థం నుండి తీసిన పోగులు వ్యోమగాముల సామగ్రిలోను, అగ్నిమాపక సిబ్బంది ధరించే కోట్లలోను చేరాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా చేపట్టిన కృత్రిమ రబ్బరు పరిశోధనకు నాయకత్వం వహించినవారిలో ఈయన ఒకడు. 1945లో అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షుడుగా పనిచేశాడు. సహచరులు, శిష్యులు ఈయనను "స్పీడ్" అనే ముద్దుపేరుతో పిలిచేవారు.

బాల్యం, విద్యాభ్యాసం

మార్వెల్ ఇల్లినాయ్ రాష్ట్రంలో వేన్స్‌విల్ అనే చిన్న ఊరి సమీపంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. చదువు ముగించుకొని తిరిగి పొలం పనిలోకే రావాలన్నది అప్పటి ఆలోచన. అయితే ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉన్న మేనమామ, రాబోయే తరం రైతులకు విజ్ఞానశాస్త్రం తెలియక తప్పదని నమ్మి, రసాయనశాస్త్రం చదవమని సలహా ఇచ్చాడు. ఆ సలహా ప్రకారం బ్లూమింగ్టన్‌లోని ఇల్లినాయ్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చేరి, 1915లో పట్టంతో పాటు మాస్టర్స్ పట్టాను కూడా అదే సంవత్సరంలో పొందాడు. సేద్యం కోసం మొదలుపెట్టిన రసాయనం ఆయనను సేద్యానికి శాశ్వతంగా దూరం చేసింది.

అదే సంవత్సరం 250 డాలర్ల ఉపకారవేతనంతో అర్బానాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరాడు. చిన్న కళాశాల నుండి వచ్చిన విద్యార్థి కనుక వెనుకబడిన పాఠాలను పూర్తిచేసుకోవలసి వచ్చింది. అందుచేత రాత్రి చాలా పొద్దుపోయేదాకా చదివి, ఉదయం వీలైనంత సేపు నిద్రపోయి, భోజనశాల తలుపులు మూసే చివరి నిమిషంలో పరుగు పరుగున అల్పాహారానికి చేరుకునేవాడు. "స్పీడ్" అనే పేరు అలా వచ్చింది. జీవితాంతం ఆ పేరు ఆయనను వదలలేదు.

యుద్ధకాలపు తయారీశాల

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా ప్రయోగశాలలు తమకు కావలసిన మేలురకపు కర్బన రసాయనాలకు, అద్దకపు రంగులకు చాలావరకు జర్మనీ పైనే ఆధారపడేవి. యుద్ధంతో ఆ సరఫరా నిలిచిపోయింది. ఆ కొరత తీర్చడానికి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులే రసాయనాలను తయారుచేసే ఒక విభాగం నడిచింది. మార్వెల్ తన పరిశోధనను పక్కనపెట్టి కొన్ని సంవత్సరాలు ఆ తయారీశాలలో పనిచేశాడు. ఒక పదార్థాన్ని గ్రంథంలో ఉన్న పద్ధతి ప్రకారం తయారుచేయబోతే అది రాకపోవడం, వచ్చినా శుద్ధంగా ఉండకపోవడం అక్కడ నిత్యకృత్యం. ఏ పద్ధతి నిజంగా పనిచేస్తుందో చేతులతో తెలుసుకొనే ఈ శిక్షణే ఆయన తరువాతి జీవితానికంతటికీ పునాది అయింది.

ఈ అనుభవం నుండే "ఆర్గానిక్ సింథసిస్" అనే వార్షిక ప్రచురణ పుట్టింది. రోజర్ ఆడమ్స్ తదితరులు 1921లో ప్రారంభించిన ఈ సంపుటాలలో ఒక తయారీ పద్ధతి అచ్చు కావాలంటే, దానిని పంపినవారితో సంబంధం లేని మరొక ప్రయోగశాలలో చేసి సరిచూడాలి. మార్వెల్ ఈ సంపుటాల తొలినాటి సంపాదకులలో ఒకడు. అనేక తయారీ పద్ధతులను స్వయంగా సమకూర్చాడు, సరిచూశాడు. ఈ ప్రచురణ 21వ శతాబ్దంలోను కొనసాగుతున్నది.

1920లో విలియం ఎ. నోయెస్ పర్యవేక్షణలో డాక్టరేటు పట్టం పొంది, అదే విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరాడు. 1930లో పూర్తిస్థాయి ఆచార్యుడయ్యాడు. 1961లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే పనిచేశాడు.

అధ్యాపకుడుగా

తొలినాళ్ళలో మార్వెల్ పాదరసంతో కూడిన కర్బన సమ్మేళనాలపై పరిశోధన చేశాడు. ఈ పనిలో ఆయనకు తోడ్పడిన విద్యార్థి ఆర్నాల్డ్ బెక్‌మన్. పాదరసపు ఆవిరుల ప్రభావంతో గురుశిష్యులిద్దరూ అస్వస్థులయ్యారు. దాంతో బెక్‌మన్ కర్బన రసాయనాన్ని విడిచి భౌతిక రసాయనం వైపు మళ్ళాడు. ద్రావణాల ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ మీటరును రూపొందించి, పరికరాల పరిశ్రమకు ఆద్యుడుగా పేరు తెచ్చుకున్నది ఈ బెక్‌మనే. ఆనాటి ప్రయోగశాలలలో గాలి పోయే ఏర్పాట్లు, రక్షణ కవచాలు ఎంత తక్కువో ఈ సంఘటన వలన తెలుస్తుంది. మనుషులను వేడి నుండి కాపాడే పదార్థంతో తన పేరు ముడిపడిన శాస్త్రవేత్త స్వయంగా ఇలాంటి అపాయాన్ని చవిచూశాడు.

ఇల్లినాయ్‌లో ఆయనకు సన్నిహితుడైన మరొక యువకుడు వాలెస్ కరోథర్స్. రోజర్ ఆడమ్స్ వద్ద 1924లో డాక్టరేటు పొందిన కరోథర్స్ కొంతకాలం అక్కడే పాఠాలు చెప్పి, హార్వర్డుకు వెళ్ళి, 1928లో డ్యూపాంట్ కంపెనీ పరిశోధనశాలలో చేరాడు. అదే 1928లో మార్వెల్ డ్యూపాంట్‌కు సలహాదారుగా కుదిరాడు. ఈ సంబంధం దాదాపు ఆరు దశాబ్దాలు, అంటే ఆయన జీవితాంతం వరకు కొనసాగింది. నిర్ణీత కాలానికొకసారి విల్మింగ్టన్ వెళ్ళి, ఒక్కొక్క శాస్త్రజ్ఞుడితో విడివిడిగా కూర్చొని వారి చిక్కులను వినడం ఆయన పద్ధతి. కరోథర్స్ 1935లో నైలాన్‌ను సృష్టించాడు. తీవ్రమైన మానసిక వ్యాకులతతో బాధపడుతూ 1937లో, నైలాన్ బజారులోకి రాకముందే ఆత్మహత్య చేసుకున్నాడు.

మార్వెల్ వద్ద డాక్టరేటు పొందినవారి సంఖ్య 170 దాటింది. డాక్టరేటు తరువాత ఆయన వద్దకు వచ్చి పనిచేసినవారు మరెందరో. ఒక విశేష రసాయన చర్యకు తన పేరు పెట్టించుకున్న జాన్ స్టిల్లీ ఈయన శిష్యుడే.

పాలిమర్ల నిర్మాణం

1930ల ఆరంభంలో పాలిమర్లంటే కర్బన రసాయనజ్ఞులకు చిన్నచూపు ఉండేది. స్ఫటికంగా దొరకనివి, స్వేదనం చేయరానివి, పాత్ర అడుగున జిగటగా మిగిలిపోయేవి పరిశోధనకు యోగ్యం కావని అనుకునేవారు. చిన్న చిన్న అణువులు వేలకొద్దీ గొలుసుకట్టుగా కలిసి బృహదణువులు ఏర్పడతాయన్న హెర్మన్ స్టాడింగర్ వాదం అప్పుడప్పుడే ఆమోదం పొందుతున్నది. మార్వెల్ ఈ రంగంలోకి గంధక డయాక్సైడు, ఒలిఫీన్లు కలిసి ఏర్పడే పాలీసల్ఫోన్ల ద్వారా ప్రవేశించాడు.

ఆయన తరువాత ఎత్తుకున్న ప్రశ్న వినైల్ పాలిమర్ల గొలుసులలో అణువులు ఏ వరుసలో అమరుతాయన్నది. రైలు పెట్టెలు తలకు తోకగా కలుస్తాయా, తలకు తలగా కలుస్తాయా అన్నట్టిది ఈ ప్రశ్న. పాలీవినైల్ క్లోరైడును తుత్తునాగం (జింకు)తో చర్య జరిపించి, గొలుసులో పక్కపక్కన ఉన్న క్లోరిన్ పరమాణువులను జంటలుగా తొలగించి చూశారు. మొత్తం క్లోరిన్ ఎప్పటికీ పోలేదు. జంటలు పోగా మధ్యలో ఒంటరిగా చిక్కుకుపోయిన క్లోరిన్ కొంత మిగిలిపోయింది. అమరిక తలకు తోకగా ఉంటే, జంటలు యాదృచ్ఛికంగా తొలగినపుడు సుమారు 13.5 శాతం మిగలాలని పాల్ ఫ్లోరీ 1939లో గణితం ద్వారా చూపించాడు. మార్వెల్ ప్రయోగశాలలో వచ్చిన ఫలితం దానికి దగ్గరగా ఉన్నది. ఒక సామాన్యమైన పరీక్షనాళికలో జరిగిన చర్య కంటికి కనబడని గొలుసు అమరికను బయటపెట్టడం ఆనాటి విద్యార్థులను ఆశ్చర్యపరచింది. ఇప్పటికీ పాఠ్యపుస్తకాలలో ఈ ఉదాహరణ కనిపిస్తుంది.

రెండవ ప్రపంచ యుద్ధం

1942లో జపాన్ సేనలు ఆగ్నేయాసియాను ఆక్రమించడంతో అమెరికాకు రెండు వస్తువులు ఒకేసారి అందకుండా పోయాయి. ఒకటి మలయా, ఈస్టిండీస్ తోటల రబ్బరు. రెండవది జావా సింకోనా చెట్ల నుండి వచ్చే క్వినైన్. మార్వెల్ ఈ రెండు కొరతల విషయంలోను పనిచేశాడు. మలేరియా మందుల తయారీని సమన్వయపరచిన సంఘంలో సభ్యుడుగా ఉన్నాడు. వేల సమ్మేళనాలను పరీక్షించిన ఆ కార్యక్రమం వలన క్లోరోక్విన్ వాడుకలోకి వచ్చింది.

కృత్రిమ రబ్బరు విషయంలో ఆయన పాత్ర ఇంకా పెద్దది. బ్యూటాడయీన్, స్టైరీన్‌లను కలిపి తయారుచేసే రబ్బరును మెరుగుపరచడానికి ప్రభుత్వం నడిపిన పరిశోధనలో విశ్వవిద్యాలయాల బృందానికి నాయకత్వం వహించాడు. యుద్ధం ముగిసిన తరువాత జర్మనీ రబ్బరు కర్మాగారాలను పరిశీలించడానికి వెళ్ళిన సాంకేతిక నిపుణులలో ఆయన ఉన్నాడు. తక్కువ ఉష్ణోగ్రత వద్ద చర్యను వేగవంతం చేయగల ఆరంభక మిశ్రమాల వివరాలు అక్కడ లభించాయి. అంతకుముందు 50 డిగ్రీల సెల్సియస్ వద్ద జరిపే చర్యను 5 డిగ్రీల వద్ద జరపడానికి వీలయింది. అలా వచ్చిన "కోల్డ్ రబ్బర్" టైర్లకు ఎక్కువ మన్నికనిచ్చింది.

మండని పోగుల అన్వేషణ

బట్ట ఎందుకు మండుతుందో తెలిస్తే మార్వెల్ చేసిన పని సులువుగా అర్థమవుతుంది. నిజానికి మండేది బట్ట కాదు. వేడికి పోగులలోని అణువులు విరిగి, మండే వాయువులుగా మారి, ఆ వాయువులు గాలిలోని ఆమ్లజని (ఆక్సిజన్)తో కలిసినపుడు మంట పుడుతుంది. ఆ మంట వేడికి మరికొన్ని పోగులు విరుగుతాయి. నూలు బట్ట ఇలా త్వరగా అంటుకుంటుంది. నైలాన్, పాలిస్టర్ వంటివి ముందు కరిగి, కరిగిన బొట్లు చర్మానికి అంటుకొని మరింత లోతైన గాయాలు చేస్తాయి.

బట్టను మంట నుండి కాపాడే ప్రయత్నాలు పాతవే. ఫ్రాన్సు రాజు పద్దెనిమిదవ లూయీ కోరిక మీద నాటకశాలల తెరలను కాపాడడానికి గే-లుస్సాక్ అమ్మోనియం లవణాలు, వెలిగారం (బోరాక్స్) వంటి వాటితో ప్రయోగాలు చేసి 1821లో ప్రకటించాడు. అయితే ఇటువంటి పూతలు ఉతికితే పోతాయి. పోగు తన సహజ నిర్మాణం చేతనే మండకుండా ఉంటే ఉతుకుడుతో పనిలేదు. 1950ల నుండి రసాయనజ్ఞులు పట్టుకున్న దారి ఇదే. నైలాన్ గొలుసులోని సరళ భాగాలకు బదులు బెంజీన్ వలయాలను చేర్చి డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన నోమెక్స్ ఈ దారిలో ముందుగా బజారుకు చేరిన పోగు.

అమెరికా వైమానిక దళానికి ఇంతకంటే కఠినమైన అవసరం ఉండేది. అంతరిక్షం నుండి తిరిగివచ్చే నౌకల వేగాన్ని తగ్గించే పారాచూట్లు, పట్టీలు గాలి రాపిడి వేడిలో బలాన్ని కోల్పోకూడదు. అందుకు కావలసిన పాలిమర్ల కోసం వైమానిక దళపు పదార్థ పరిశోధనశాల మార్వెల్ బృందానికి ఆర్థిక సహాయం చేసింది. పాలిబెంజిమిడజోల్ జాతి పాలిమర్లను డ్యూపాంట్ శాస్త్రజ్ఞులు బ్రింకర్, రాబిన్సన్ అంతకుముందే తయారుచేశారు. అయితే వాటి గొలుసులో సరళ కర్బన భాగాలు మిగిలి ఉండేవి. వేడికి మొదట తెగేది ఆ భాగాల దగ్గరే. వోగెల్, మార్వెల్ ఆ సరళ భాగాలను పూర్తిగా తీసివేసి, గొలుసంతా వలయాలతోనే నిర్మించారు. ఆ ఫలితాన్ని 1961లో "జర్నల్ ఆఫ్ పాలిమర్ సైన్స్"లో ప్రకటించారు.

తయారీ విధానం స్థూలంగా ఇది. నాలుగు అమైన్ సమూహాలు గల డైఅమినోబెంజిడిన్‌ను, డైఫినైల్ ఐసోఫ్తలేటును కలిపి గాలి తగలకుండా వేడిచేస్తారు. చర్యలో ఫినాల్, నీరు ఆవిరిగా బయటకు పోతూ మిశ్రమాన్ని నురగలా పొంగిస్తాయి. ఆ నురగ గట్టిపడిన తరువాత పొడిచేసి, ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రతకు, అంటే సుమారు 360 డిగ్రీలకు మళ్ళీ వేడిచేస్తే గొలుసులు పొడవుగా పెరుగుతాయి. ప్రతి బంధం దగ్గర బెంజీన్ వలయానికి అతుక్కొని, రెండు నత్రజని పరమాణువులు గల ఐదు మూలల వలయం ఏర్పడుతుంది. ఒక చోట బంధం తెగినా వలయంలో రెండవ వైపు పట్టి ఉంచుతుంది కనుక గొలుసు అంత సులభంగా ముక్కలు కాదు. గొలుసులో ఉదజని తక్కువ. అందుచేత వేడికి మండే వాయువులు కొద్దిగానే వెలువడి, మిగిలినది బొగ్గులాంటి గట్టి పొరగా మారి వెనుకనున్న దానికి అడ్డుగా నిలుస్తుంది.

ఒక పదార్థం మండుతూ ఉండడానికి గాలిలో కనీసం ఎంత శాతం ఆమ్లజని ఉండాలో తెలిపే కొలతను పరిమిత ఆమ్లజని సూచిక అంటారు. మనం పీల్చే గాలిలో ఆమ్లజని సుమారు 21 శాతం. నూలుకు ఈ సూచిక 18 ప్రాంతంలోను, నైలాన్‌కు 20 ప్రాంతంలోను, నోమెక్స్‌కు 28 నుండి 30 వరకు ఉంటుంది. పీబీఐకి ఇది సుమారు 41. అంటే గాలిలో ఆమ్లజని దాదాపు రెట్టింపు అయితే తప్ప పీబీఐ మండుతూ ఉండదు. దీనికి ద్రవీభవన స్థానమంటూ లేదు. 425 డిగ్రీల ప్రాంతం వరకు గట్టిగానే ఉంటుంది.

ఇంత మొండి పదార్థం నుండి పోగు తీయడం వేరే సమస్య. కరగదు కనుక నైలాన్‌లా కరిగించి వడకడానికి వీలుపడదు. కొద్దిగా లిథియం క్లోరైడు కలిపిన డైమిథైల్ ఎసిటమైడు అనే ద్రావణిలో పాలిమరును కరిగించి, సన్నని రంధ్రాల గుండా వేడి నత్రజని గొట్టంలోకి వదులుతారు. ద్రావణి ఆవిరైపోగా బంగారు వన్నె పోగు మిగులుతుంది. దానిని కడిగి, వేడిలో సాగదీసి, మంటలో ముడుచుకుపోకుండా గంధకికామ్లంతో శుద్ధిచేస్తారు. ఈ పద్ధతులను సెలనీస్ సంస్థ వైమానిక దళంతోను, నాసాతోను కలిసి అభివృద్ధి చేసింది. మార్వెల్ ప్రయోగశాలలో పొడిగా ఉన్న పదార్థం బట్టగా మారిన ఘనత ఈ పారిశ్రామిక ఇంజనీర్లకు చెందుతుంది. ఈ విషయం చాలాచోట్ల మరుగున పడుతున్నది.

అపోలో 1 దుర్ఘటన

1967 జనవరి 27న ఫ్లోరిడాలోని ప్రయోగవేదికపై అపోలో నౌక పరీక్ష జరుగుతుండగా లోపల మంటలు చెలరేగి గస్ గ్రిస్సమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ అనే ముగ్గురు వ్యోమగాములు మరణించారు. నౌక లోపల బయటి గాలి కంటే ఎక్కువ పీడనంలో శుద్ధ ఆమ్లజని నింపి ఉన్నది. తలుపు లోపలికి తెరుచుకునేది కనుక పీడనం పెరగగానే దానిని తీయడం అసాధ్యమైంది. మామూలు గాలిలో నెమ్మదిగా కాలే వస్తువులు శుద్ధ ఆమ్లజనిలో భగ్గుమంటాయి. క్యాబిన్‌లో నైలాన్ వలలు, వెల్క్రో పట్టీలు, పాలీయురెథేన్ నురగ వంటివి చాలా ఉన్నాయి. పరిశ్రమ, యుద్ధం, గృహిణులు ఎంతో మెచ్చుకున్న కరోథర్స్ పోగు అక్కడ ఇంధనమైంది.

విచారణ తరువాత నౌకలోని మండే వస్తువులన్నిటినీ వెదకి తొలగించారు. అంతరిక్ష దుస్తుల పైపొరకు టెఫ్లాన్ పూసిన గాజు పోగుల బట్ట (బీటా క్లాత్) వాడారు. గాజు పోగులు మండవు గాని, మడతల దగ్గర విరుగుతాయి, చర్మానికి గుచ్చుకుంటాయి. పీబీఐ మెత్తనిది. పైగా గాలిలోని తేమను సుమారు 15 శాతం దాకా పీల్చుకుంటుంది. ఇది నూలు పీల్చుకొనే తేమ కంటే ఎక్కువ. అందుచేత ఒంటికి హాయిగా ఉంటుంది. అపోలో, స్కైలాబ్, అంతరిక్ష షటిల్ యాత్రలలో దుస్తులకు, పట్టీలకు, తాళ్ళకు పీబీఐని ఉపయోగించారు. అయితే శుద్ధ ఆమ్లజనిలో పీబీఐ కూడా మండుతుంది. సూచిక 41 అంటే అర్థం అదే. కనుక ఒక్క పోగు మార్చడంతో ఆ ప్రమాదం తొలగలేదు. ప్రయోగ సమయంలో క్యాబిన్‌లో నత్రజని కలిపిన గాలి నింపడం, తలుపు బయటికి తెరుచుకునేట్లు మార్చడం వంటి మార్పులు అంతకంటే ముఖ్యమైనవి.

అగ్నిమాపక దుస్తులు

1970ల చివరిలో నాసా, అమెరికా అగ్నిమాపక పాలనా సంస్థ కలిసి అగ్నిమాపక సిబ్బంది దుస్తులను మెరుగుపరచే పని చేపట్టినపుడు పీబీఐ పౌర అవసరాల వైపు తిరిగింది. 1983లో సెలనీస్ సంస్థ దక్షిణ కరోలినా రాష్ట్రంలోని రాక్ హిల్‌లో వాణిజ్యస్థాయి కర్మాగారాన్ని ప్రారంభించింది. ఆ నాటికి మార్వెల్ వయస్సు 88 సంవత్సరాలు. తన పదార్థం బజారుకు రావడం చూసే అదృష్టం ఆయనకు దక్కింది. కరోథర్స్‌కు అది దక్కలేదు.

పీబీఐ ఖరీదైనది. పోగు బలం కూడా మరీ ఎక్కువ కాదు. అందుచేత దీనిని ఒంటరిగా కాక, బలమైన పారా-అరామిడ్ పోగులతో కలిపి నేస్తారు. 40 శాతం పీబీఐ, 60 శాతం పారా-అరామిడ్ కలిపిన బట్ట అగ్నిమాపక కోట్ల పైపొరగా బాగా ప్రచారం పొందింది. మంట తగిలినపుడు ఈ బట్ట పెళుసై చిట్లకుండా ఒక్క ముక్కగా నిలబడి ఉండడమే దాని ప్రత్యేకత. కోటు చిట్లితే లోపలి పొరలు, ఆ తరువాత చర్మం నేరుగా మంటకు గురవుతాయి. అక్కడ లభించే సమయం కొద్ది క్షణాలే. ఆ క్షణాలలోనే మనిషి బయటపడాలి.

ఈ బట్టకు లోపాలు లేకపోలేదు. పీబీఐకి రంగు అద్దడం కష్టం. అందుకే ఈ కోట్లు చాలాకాలం సహజమైన బంగారు గోధుమ వర్ణంలోనే కనిపించేవి. తోడుగా కలిపే పారా-అరామిడ్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు బలహీనపడుతుంది. కాబట్టి కోటును ఎండలో ఆరవేయడం దాని ఆయుర్దాయాన్ని తగ్గిస్తుంది. తయారీకి వాడే డైఅమినోబెంజిడిన్ క్యాన్సర్ కారకమనే అనుమానం ఉన్న పదార్థం. కర్మాగారంలో దానిని ఎంతో జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. మంటలార్పేవారిని కాపాడే పోగు దానిని తయారుచేసేవారికి అపాయం కాకూడదు.

పీబీఐకి మరొక ఉపయోగం కూడా బయటపడింది. ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టిన పీబీఐ పొర నీటి అవసరం లేకుండా ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద పనిచేసే ఇంధన ఘటాలకు అనువైనదని క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించారు.

టూసాన్ జీవితం

నియమాల ప్రకారం ఇల్లినాయ్‌లో పదవీ విరమణ చేసిన సంవత్సరమే, 1961లో, మార్వెల్ అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌కు వెళ్ళి అరిజోనా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరాడు. అక్కడ రెండవ జీవితం మొదలైందనే చెప్పాలి. యువ పరిశోధకులను చేర్చుకొని, నిచ్చెన మెట్ల వలె రెండు వరుసల బంధాలు గల పాలిమర్లపైన, ఇతర ఉష్ణసహ పాలిమర్లపైన మరో పాతికేళ్ళు పనిచేశాడు. వీటిలో చాలా వాటికి వేడిని తట్టుకొనే గుణమున్నా, ఏ ద్రావణిలోను కరగక, వస్తువుగా మలచడానికి లొంగక ప్రయోగశాలలోనే ఉండిపోయాయి. వేడికి లొంగని గుణం పెరిగేకొద్దీ చేతికి లొంగే గుణం తగ్గుతుంది. పీబీఐ ఈ రెంటి మధ్య ఎక్కడో నిలబడగలిగింది కనుకనే బట్ట అయింది.

ఆ విశ్వవిద్యాలయంలోని రసాయనశాస్త్ర భవనానికి తరువాత ఆయన పేరు పెట్టారు. 1988 జనవరి 4న, 93 సంవత్సరాల వయస్సులో, టూసాన్‌లో మరణించాడు.

పురస్కారాలు

1938లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యాడు. నికోల్స్ పతకం (1944), విల్లార్డ్ గిబ్స్ పతకం (1950), అమెరికన్ కెమికల్ సొసైటీ ఇచ్చే అత్యున్నత గౌరవమైన ప్రీస్ట్లీ పతకం (1956), పెర్కిన్ పతకం (1965), నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ (1986) అందుకున్నాడు. పాలిమర్ రసాయనంలో స్టాడింగర్ (1953), ఫ్లోరీ (1974) వంటివారికి లభించిన నోబెల్ బహుమతి మార్వెల్‌కు రాలేదు. ఆయన కృషి ఒక్క గొప్ప సిద్ధాంతంగా కాక, వందలాది పరిశోధన పత్రాలలోను, వందలాది శిష్యులలోను పరచుకొని ఉండడం దీనికి ఒక కారణం కావచ్చు. అమెరికన్ కెమికల్ సొసైటీ పాలిమర్ విభాగం ఆయన పేరు మీద ఒక పురస్కారాన్ని నెలకొల్పింది.

ఇతర విశేషాలు

మార్వెల్‌కు పక్షులను గమనించడం చిన్ననాటి నుండి ఉన్న వ్యసనం వంటిది. ఎక్కడికి ప్రయాణం చేసినా అక్కడి పక్షులను గుర్తించి జాబితా రాసుకునేవాడు. చేపల వేట కూడా ఆయనకు ఇష్టం. 1933లో వివాహం చేసుకున్నాడు. ఇద్దరు సంతానం. ఈయన రాసిన పాలిమర్ కర్బన రసాయన పరిచయ గ్రంథం 1959లో వెలువడింది.